కడాయిలో పడ్డ ముత్తన్న

బోధన్ బస్టాండు వెనక గల్లీలో హనోకు వీడియో షాపు తెలియనివాళ్లు తక్కువ. చుట్టుపక్కల పెళ్లి చర్చిలో జరిగినా, పందిట్లో జరిగినా, భుజాన కెమెరాతో అందరికన్నా ముందు కనిపించేది అతనే. అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లి ఎప్పుడు గొల్లుమంటుందో ఆమెకంటే ముందు హనోకుకే తెలుస్తుందని జనం చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే అతను కాదనేవాడు కాదు, పొంగిపోయేవాడూ కాదు. వాన తడుపుతుందని ఎవరైనా అంటే వాన పొంగిపోతుందా? ఉన్నమాటే కదా అనుకునేవాడు.

రెండువేల రెండులో, ఎండలు ముదిరే రోజుల్లో, నిజామాబాద్‌కు ఒక డబ్బింగ్ సినిమా వచ్చింది. గడియారాలు బాగుచేసే ఒకాయన కొడుక్కి ఉన్నట్టుండి ఎక్కడలేని బలం వచ్చిపడుతుంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక వాడు నానా తిప్పలు పడి, చివరికి ఆకాశంలో ఎగురుతూ ఊరిని కాపాడతాడు. హనోకు తల్లి బాలవ్వను, భార్య రూతమ్మను, ఎనిమిదేళ్ల కూతురు ఎస్తేరును బస్సెక్కించి తీసుకెళ్లి ఆ సినిమా చూపించాడు. మామూలుగా ఇలాంటి సినిమాలకు వచ్చేది కుర్రకారే. ఆ రోజు హాల్లో చంకన పిల్లలున్న తల్లులూ, చేతికర్ర పట్టుకున్న తాతలూ, సద్దిగిన్నెలు తెచ్చుకున్న కుటుంబాలూ కనిపించాయి. ఇంటర్వెల్లో కూడా ఎవరూ ఇంటికి పోదామనలేదు.

తిరుగు బస్సులో ఇంట్లోవాళ్లు ముగ్గురూ ఆ సినిమా గురించే మాట్లాడుకుంటున్నారు. హనోకు వినలేదు. అతని తలలో అప్పటికే ఇంకో సినిమా నడుస్తోంది.

మరునాడు పొద్దున్నే సిటీ కేబుల్ నడిపే దశరథం దగ్గరికి వెళ్లాడు. "అన్నా, గిసుంటి సినిమా మనం తీద్దాం. ఇంటిల్లిపాది కూసోని సూసేటిది."

దశరథం టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పెండ్లి తీసినంత అల్కగ గాదు హనోకూ."

"పెండ్లి తీసుడే కష్టమన్నా. కెమెరాల పడలేదు మల్ల కట్టుమంటె తాళి మల్ల కడతరా? సినిమాల అయితె ఎన్నిసార్లన్న తీయొచ్చు."

దశరథం కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే తియ్యి. వచ్చే ఎండకాలం సెలవులల్ల మన ఛానల్ల వేస్త. గని ఫైట్లు దండిగుండాలె. లేకుంటె పబ్లిక్ రిమోట్ మర్లేస్తరు."

"ఫైట్లే కాదు, హీరో మొత్తం బోధన్ మీదికెళ్లి ఎగురుతడు సూడు," అన్నాడు హనోకు.

హీరోను వెతకడానికి అతను ఎక్కువ తిరగలేదు. చెరుకు లారీ నడిపే ముత్తన్న రోజూ షాపు ముందునుంచే ఫ్యాక్టరీకి పోతాడు. ఆరడుగుల మనిషి, దూలాల్లాంటి చేతులు. మాట మాత్రం మెత్తన, పక్కవాడికి కూడా సరిగా వినపడదు. అతని ఊరు బాల్కొండ దగ్గరి పల్లె. అక్కడ తల్లి హన్మవ్వ పసుపు పండిస్తుంది. తండ్రి పోయినప్పటినుంచీ తల్లీకొడుకులిద్దరే.

పసుపు అనగానే హనోకుకు కథ దొరికిపోయింది. విదేశాల హీరోలకు బలం ఎక్కడెక్కడినుంచో వస్తుంది. మన జిల్లాలో పసుపును మించిన మహిమ ఏముంది? దెబ్బ తగిలితే పసుపు, దగ్గొస్తే పాలలో పసుపు, గడపకు పసుపు. కాబట్టి తన హీరో పసుపు ఉడకబెట్టే కడాయిలో పడతాడు. నెత్తినుంచి పాదాలదాకా పచ్చగా, ఏనుగు బలంతో పైకి లేస్తాడు. బర్రెలను ఎత్తుకుపోయే దొంగల పని పడతాడు. సినిమా పేరు 'పసుపు పిడుగు'. పెళ్లిళ్లలో లైట్లు పట్టే రామ్‌దాస్‌ను మీసాలు పెంచమని, దొంగల నాయకుణ్ని చేశాడు.

సంక్రాంతి దాటాక పసుపు తవ్వడం మొదలైంది. ముత్తన్నకు లారీ సెలవు దొరికిన రోజుల్లో అందరూ బాల్కొండ పల్లెకు పోయి షూటింగ్ చేశారు. కొట్లాటలు తీశారు, గడ్డివాము మీదినుంచి దూకడాలు తీశారు. నీలం గుడ్డ ముందు ముత్తన్నను బల్లమీద బోర్లా పడుకోబెట్టి చేతులు చాపించారు. షాపుకొచ్చి కంప్యూటర్ మీద మిక్సింగ్ చేస్తే ముత్తన్న నిజంగానే బోధన్ మీదుగా ఎగిరాడు. హనోకు ఆ ముక్కను తనకు తానే వేసి చూసుకుని తల ఊపాడు. అతను అనుకున్నదానికన్నా బాగా వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, ఇంట్లోనే మొదటి ఆట వేశాడు. తల్లి, భార్య, కూతురు, పక్కింటి రెండు కుటుంబాలు టీవీ ముందు కూర్చున్నాయి. హనోకు మాత్రం టీవీ పక్కన గోడకానుకుని జనం వైపు తిరిగి నిలబడ్డాడు. అది అతని వృత్తి అలవాటు. వేదిక మీద ఏం జరుగుతుందో అందరూ చూస్తారు, చూసేవాళ్ల మొహాలు చూసేది వీడియో తీసేవాడే.

మొదటి కొట్లాటకు పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండోదానికి ఒకడే కొట్టాడు. మూడో కొట్లాటలో ముత్తన్న నలుగురిని ఒక్క చేత్తో విసిరేస్తుంటే రూతమ్మ లేచి, ఉల్లిగడ్డలు కోయాలంటూ వంటింట్లోకి పోయింది. బాలవ్వ తల గోడకు వాలింది. ఊరి మీద ఎగిరే సీను వచ్చింది. "అగో, మన బస్టాండు," అన్నాడు పక్కింటాయన. అంతే.

ఎస్తేరు తండ్రి చొక్కా పట్టుకు లాగింది. "బాపూ, ఆయనకు దెబ్బలు తాకయా?"

"తాకయి బిడ్డా. గంత బలమున్నది."

"ఎన్నడు తాకయా?"

"ఎన్నడు తాకయి."

"మల్ల ఏమైతదోనని మనమెందుకు సూసుడు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి ఆడుకోవడానికి పోయింది.

హనోకుకు మండుకొచ్చింది. సీడీ తీసేసి, అసలు షూటింగ్ టేపును కెమెరాలో పెట్టి టీవీకి కలిపాడు. ఏ కొట్లాట తగ్గించాలో అప్పుడే చూసుకుందామని. టేపు ఎక్కడో మధ్యలో మొదలైంది.

అది హన్మవ్వ కళ్లంలో తీసిన ముక్క. ఒంటినిండా పచ్చి పసుపు పూసుకుని, మొలకు తుండు కట్టుకుని, ముత్తన్న రొమ్ము విరుచుకుని హీరోలా నిలబడి ఉన్నాడు. ఇంతలో పక్కనుంచి సద్దిగిన్నెతో హన్మవ్వ వచ్చింది. పొట్టి మనిషి, కొడుకు మోచేతిదాకా కూడా రాదు. గిన్నె కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఓరి ముత్తన్నా! గిదేందిరా? పిల్లనెప్పుడు సూసినవ్? నాకొక్క మాట చెప్పకుంటనే పసుపు వెట్టుకున్నవా? ముహూర్తమన్న నువ్వు చెప్తవా, గది గూడ ఊరోల్లనే అడగాల్నా?"

"గది గాదే అవ్వా, సినిమా..."

"సినిమా గాడిది గుడ్డు! గీ పసుపు పోయేదాక నువ్వు ఏ అంగి తొడిగినా ఖరాబే. ఎవలుతకాలె?"

అంతటి ముత్తన్న గడ్డివాము వెనక నక్కబోయాడు. హన్మవ్వ చెంగు తడి చేసుకుని అతని చెంప పట్టుకుని రుద్దింది. పసుపు పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. ఆ రోజు కెమెరా ఆపడం మరిచిపోయిన హనోకు, ఆ ముక్కను ఇజ్జత్ పోతుందని సినిమాలో పెట్టనేలేదు. హీరోను తల్లి చెంప పట్టుకుని రుద్దుతుంటే ఎవరైనా హీరో అంటారా?

గది మారిపోయింది. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. రూతమ్మ చేతిలో కత్తితోనే గుమ్మంలో నిలబడిపోయింది. బాలవ్వ లేచి కూర్చుని, "అయ్యో, పోరన్ని గట్ల రుద్దకే, తోలు పోతది," అని టీవీతో మాట్లాడుతోంది. నవ్వులు విని పిల్లలు ఆట వదిలి పరుగెత్తుకొచ్చారు.

"బాపూ, మల్ల పెట్టు!" అంది ఎస్తేరు.

హనోకు మళ్లీ పెట్టాడు. మొహాలన్నీ చూశాడు. మూడోసారి కూడా పెట్టాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అతను అడిగాడు. "పోయిన యేడు నిజామాబాద్ల సూసిన సినిమా యాదికున్నదా? బస్సుల వచ్చుకుంట దాని గురించి ఏం మాట్లాడుకున్నరు మీరు?"

"గా పోరడు తన బలం తనకెర్కలేక ఇంట్ల తలుపు గొళ్లెం గుంజి పీకేస్తడు సూడు," అంది రూతమ్మ వెంటనే. "వాళ్ల నాయినకు తెల్వకుండ మల్ల అతికియ్యాలని సూస్తడు. గది గుర్తొస్తె ఇప్పటికి నవ్వొస్తది. నువ్వు గూడ గంతే గద, పెండ్లైన కొత్తల మా ఇంట్ల గడియ ఇరగ్గొడ్తివి."

"నాకైతె గా ముసలాయనే," అంది బాలవ్వ. "పొద్దుగూకినా కొడుకు రాకపాయె, పాపం దర్వాజ కాడ కూసుండె. లోకాన్ని కాపాడ్తున్న అని ఇంట్ల ఒక్క మాట చెప్తె ఏమాయె?"

"డ్రెస్సు!" అంది ఎస్తేరు. "పరదా గుడ్డ కోసి వంకరటింకర కుట్టుకున్నడు. మొదాలు సంక కాడ చినుగుతది."

కొండలు పిండయిన సీను గురించి గానీ, ఎగరడం గురించి గానీ ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు. హనోకు చెయ్యి కడుక్కుని లేచాడు. తను ఆ రోజు హాల్లో తెర వైపే చూశాడు. పనిలో ఉన్నప్పుడు ఎప్పుడూ చేసే పని, మొహాలు చూడడం, ఆ ఒక్కరోజు చేయలేదు. అంతే జరిగింది. దిద్దుకోలేని తప్పేమీ కాదు.

దశరథానికి చెబితే కుర్చీలోంచి లేచాడు. "మల్ల తీస్తవా? ఫైట్లు తీసేస్తవా? పిచ్చి లేసిందా ఏంది? ఎండకాలం సెలవులల్ల వస్తదని ఛానల్ల అడుగున రాసి తిప్పుతున్న!"

"ఫైట్లు అన్నీ తీసెయ్య. ఒక్కటి ఉంచుత, ఆఖరుకు. మొదాలు మాత్రం మనిషిని సూపియ్యాలె అన్నా. ఎవడాడు, ఎవల కొడుకు, బలమొచ్చినంక ఇంట్ల ఏం తక్లీఫైంది. గది తెలిస్తెనే ఆఖరుకు కొట్లాటల ఆయనకు ఏమైతదోనని పానం గుంజుతది."

"తల్లి తిట్టుడు, కొడుకు తినుడు సూస్తరా పబ్లిక్?"

"మా ఇంట్ల మూడుసార్లు సూసిండ్రు. నీ ఫైటు ఒక్కసారి గూడ పూరా సూడలె." హనోకు తలుపు దగ్గర ఆగి అన్నాడు. "నీకు నచ్చకుంటె వెయ్యకు. నేను మాత్రం తీస్త."

తీయడానికి ఎక్కువ వ్యవధి లేదు. ఊళ్లల్లో పసుపు ఉడకబెట్టడం అయిపోవస్తోంది. కడాయిలు పొయ్యి దిగితే మళ్లీ ఏడాదిదాకా ఆ పొగ, ఆ పచ్చటి కళ్లం దొరకవు. హన్మవ్వ పొలంలో ఆఖరి కుప్ప మిగిలి ఉందని ముత్తన్న కబురు తెచ్చాడు. హనోకు ఆ మరుసటి పొద్దున్నే కెమెరాతో అక్కడ దిగాడు.

వచ్చిన చిక్కల్లా హన్మవ్వతోనే. "నేను యాక్టింగు చెయ్య. తిట్టుమంటె తిడ్త, గంతే," అంది మొదట. సరే, అదే కావాలన్నాడు హనోకు. తీరా కెమెరా పెట్టేసరికి ఆమె ఇంట్లోకి పోయి, పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. పసుపు పూసుకున్న కొడుకు ముందు చేతులు జోడించి, సినిమాల్లో రాజమాతలా మొదలుపెట్టింది.

"నాయనా కుమారా! నీకు... నీకు... ఇంత బలము ఎటుల వచ్చినది?"

రామ్‌దాస్ నవ్వాపుకోలేక లైటు వదిలేశాడు. ముత్తన్న నేల చూపులు చూశాడు. ఇంకోసారి తీశారు, అలాగే ఉంది. ఇంకోసారి తీస్తే ఆమెకు మాటే రాలేదు. "నాతోని గాదు కొడుకా," అని చీర చెంగుతో చెమట తుడుచుకుంది. "గా డబ్బ నన్ను మింగుతున్నట్టే సూస్తున్నది."

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. హనోకు నవ్వాడు. పెళ్లిళ్లలో ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కెమెరా కనబడగానే అందరూ బొమ్మల్లా బిగుసుకుపోతారు. అన్నం వడ్డించేటప్పుడూ, పిల్లల ముక్కు తుడిచేటప్పుడూ మళ్లీ మనుషులవుతారు.

"అవ్వా, నీకు కెమెరా వద్దు, గిమెరా వద్దు. నువ్వు చీర మార్చుకోని నీ పని చేసుకో. కెమెరా గాడ మూలకు ఉంటది. నడుస్తనే ఉంటది. నువ్వు ఏమన్నా, అనకపోయినా సరే. మంచిగొచ్చింది సినిమాల పెడ్త, నువ్వు వద్దన్నది తీసేస్త."

కెమెరాను స్టాండు మీద పెట్టి అతను వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆమె పాత నేతచీర కట్టుకుని వచ్చి పొయ్యిలోకి చెరుకాకు ఎగదోసింది. మొదట్లో ప్రతి పనికీ ఒకసారి కెమెరా వైపు చూసేది. ఎండ ఎక్కేకొద్దీ చూడటం తగ్గింది. ఉడికిన కొమ్ములు తీసి ఆరబోసే హడావుడిలో ఆమె దాన్ని పూర్తిగా మరిచిపోయింది.

అప్పుడు హనోకు ముత్తన్నకు సైగ చేశాడు. వంటినిండా పసుపుతో ముత్తన్న తల్లి ముందుకొచ్చాడు. "అవ్వా, నాకు బలమొచ్చింది."

హన్మవ్వ తలెత్తింది. కొడుకు మొహంలోకి చూసింది. చెయ్యెత్తి అతని నుదురు అందుకోబోయింది, అందలేదు. "వంగు," అంది. వంగాడు. నుదుటి మీద అరచెయ్యి వేసి చూసింది, మెడ కింద వేసి చూసింది. "జరమైతె లేదు. అన్నం తిన్నవా?"

"నిజంగనే అవ్వా. గంత బలమొచ్చింది."

"గంత బలమొస్తె గా బస్తా దీసి పందిట్లెయ్యి. పొద్దటిసంది నీకోసమే సూస్తున్న."

కథ ప్రకారం అక్కడ ఎండుటాకు నింపిన బస్తా ఒకటి పెట్టారు. హన్మవ్వ వేలు చూపింది దాన్ని కాదు, నిండా పసుపున్న అసలు బస్తాను. ముత్తన్న ఒకసారి హనోకు వైపు చూశాడు. హనోకు ఎత్తమన్నట్టు తల ఊపాడు. ముత్తన్న వంగి, పళ్లు బిగించి, ఆ బస్తాను రొమ్ముదాకా ఎత్తాడు. మెడ నరాలు తేలాయి. మోకాళ్లు వణికాయి. పందిట్లో దింపేసరికి ఆయాసంతో కిందే కూర్చున్నాడు.

"సాల్తియ్యి, నడుం పట్టుకుంటది," అంటూ హన్మవ్వ మంచినీళ్ల చెంబు తెచ్చిచ్చింది. "బలమొచ్చిందని అన్నిటి మీద పడొద్దు. నీళ్లు తాగు."

హనోకు వేపచెట్టు కిందినుంచి లేవలేదు. లేస్తే చెడిపోతుందని తెలుసు.

కడాయిలో పడే సీను మరునాడు తీశారు. పొయ్యి ఆర్పి, కడాయి చల్లార్చి, లోపల మెత్తగా గడ్డి పరిచారు. గడ్డి చాలదని హన్మవ్వే ఇంకో రెండు మోపులు తెచ్చి వేసి, పైన గొంగడి పరిచి, చేత్తో నొక్కి చూసుకుంది. పక్కన పచ్చి ఆకు కాల్చి పొగ పెట్టారు. ముత్తన్న కాలు జారి లోపలికి పడ్డాడు. "దెబ్బ తాకిందా?" అని అడిగింది తల్లి. "మంచం మీద పడ్డట్టే ఉన్నదే," అన్నాడు లోపలినుంచి.

సినిమా కొత్తగా తయారైంది. మొదటి సగమంతా ఇల్లే, హన్మవ్వ చెంప రుద్దిన పాత ముక్కతో సహా. పచ్చగా మారిన ముత్తన్నను ఊళ్లో ఎదురైనవాళ్లంతా పెళ్లెప్పుడని అడుగుతారు. సిగ్గుపడి అతను తలకు తువ్వాల చుట్టుకుని తిరుగుతాడు. బలం ఎంతుందో తెలియక బావి గిలక విరగ్గొడతాడు. తల్లి చెప్పిన పనులన్నీ చేసి సాయంత్రానికి కూలబడతాడు. గుంటలో దిగబడ్డ బర్రెను బయటికి లాగడం అతని మొదటి సాహసం. అది కూడా సగంలో జారిపోతే మళ్లీ లాగుతాడు. దొంగలు వచ్చేది ఆ తర్వాతే, అది కూడా అదే బర్రె కోసం.

దశరథం కొన్ని ముక్కలు చూసి పెదవి విరిచాడు. కానీ ఛానల్లో మాట ఇచ్చేశాడు కాబట్టి ఒప్పుకున్నాడు. "ముందుగాల మా ఆఫీసు ముంగట గల్లీల తెర గట్టి వేద్దాం. జనం మధ్యల లేచిపోతె ఛానల్ల వేసుడు లేదు." హనోకు సరేనన్నాడు. అతనికి కావలసిందీ అదే.

మే నెలలో ఒక సాయంత్రం, పొద్దుగూకగానే, గల్లీలో తెల్లటి దుప్పటి తెర కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ పెట్టారు. చాపలు, పీటలు తెచ్చుకుని జనం వచ్చారు. ముత్తన్న తల్లిని బాల్కొండనుంచి బస్సులో తీసుకొచ్చాడు. హన్మవ్వ ముందు వరుసలో, కొడుకు పక్కన, బాలవ్వతో కలిసి చాప మీద కూర్చుంది. హనోకు తెర పక్కన గోడకానుకుని జనం వైపు తిరిగి నిలబడ్డాడు.

తెర మీద తనను తాను చూసుకుని హన్మవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "గట్ల నడుస్తనా నేను?" అని బాలవ్వను అడిగింది. "మంచిగనే నడుస్తున్నవ్ తియ్యి," అంది బాలవ్వ. ముత్తన్న లారీ దిగి ఇంటికి రావడం, తల్లికి చేదోడుగా పొయ్యి ఎగదొయ్యడం చూస్తూ జనం కుదురుకున్నారు.

తర్వాత కడాయి సీను వచ్చింది. పొగ కమ్ముకుంది. ముత్తన్న కాలు జారింది.

"ఓ కొడుకా!"

హన్మవ్వ చాప మీదినుంచి లేచి నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాచింది. వెనకున్నవాళ్లు మొదట గొల్లున నవ్వారు. ఆమె కూర్చోలేదు. ఆ కడాయిలో గడ్డి పరిచింది తనే, నొక్కి చూసింది తనే. అయినా ఆమె మొహంలో రక్తం లేదు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోయింది. గల్లీ అంతటా ప్రొజెక్టర్ గాలిపంకా చప్పుడొక్కటే వినిపించింది. చంకలోని పిల్లల్ని తల్లులు ఇంకాస్త దగ్గరికి తీసుకోవడం హనోకు చూశాడు.

ముత్తన్న లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఈడనే ఉన్ననే అవ్వా. నీ పక్కపొంటే ఉన్న."

ఆమె తెర వైపు చూసి, కొడుకు వైపు చూసి, అతని భుజం తడిమి, ఆ భుజం మీదే గట్టిగా ఒక్కటి చరిచింది. "పానం తీస్తివి గదరా!" అని కూలబడింది. అప్పుడు మళ్లీ నవ్వు మొదలైంది. ఈసారి ఆమె కూడా నవ్వింది. తెర మీద ముత్తన్న పచ్చగా పైకి లేచేసరికి గల్లీ మొత్తం ఈల వేసింది.

పెళ్లెప్పుడనే మాటలకు ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బస్తా ఎత్తేటప్పుడు ఎవరో తాత, "మెల్లగ, మెల్లగ," అని హెచ్చరించాడు. బర్రె రెండోసారి జారినప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆఖరి కొట్లాటలో రామ్‌దాస్ దుడ్డుకర్ర ఎత్తితే, సినిమా మొత్తం కంఠస్థం వచ్చిన ఎస్తేరు కూడా పరుగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఉన్నది ఒక్క కొట్లాటే. అది అయిపోగానే, "గంతేనా? ఇంకోటి లేదా?" అన్నారు కుర్రాళ్లు. ఇదివరకు ఆరు పెడితే ఎవరూ అడగలేదు.

దశరథం గల్లీ చివర కుర్చీ వేసుకుని చివరిదాకా కూర్చున్నాడు. చాపలు చుట్టుకుంటూ జనం కదులుతుంటే హనోకు దగ్గరికి వచ్చాడు.

"ఒక్కరు గూడ లేవలేదు హనోకూ."

"సూసిన."

"రేపటిసంది వేస్త. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి." గొంతు తగ్గించి అడిగాడు. "గామె లేసి మొత్తుకునుడు, నువ్వే చెప్పినవా?"

"నాకే గుండె ఆగింది," అన్నాడు హనోకు. అబద్ధం కాదు.

ఆ రాత్రి హన్మవ్వ హనోకు వాళ్లింట్లోనే పడుకుంది. పడుకునే ముందు సినిమాలో తనకు నచ్చనివి చెప్పింది. పొయ్యి దగ్గర తన చీర మరీ పాతది, చెంబు మసిగా ఉంది, ఊరివాళ్లు ఏమనుకుంటారు. ఆ చెంబు ముక్క తీసేయనా అని హనోకు అడిగాడు. ఆమె ఆలోచించింది. "ఉండనీ. నీళ్లియ్యకుంటె పోరడు ఏమైతుండె," అంది.

ఛానల్లో సినిమా వేసిన వారంలో బోధన్ ఇళ్లల్లో పసుపు డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఏ గల్లీలో చూసినా మొహాలకు పసుపు పూసుకుని, తువ్వాళ్లు మెడకు కట్టుకుని పిల్లలు అరుగుల మీదినుంచి దూకుతున్నారు. ఒకావిడ పచ్చటి కొడుకును చెవి పట్టుకుని షాపుకే తీసుకొచ్చింది. "సూడు, నీ సినిమా సూసి ఎట్ల తయారైండో! మంచి అంగి ఖరాబాయె. ఎవలుతకాలె?"

అదే మాట తెర మీద హన్మవ్వ అన్నదని ఆవిడకే గుర్తొచ్చి, తిట్టు సగంలో ఆపి నవ్వేసింది. కొడుకు ఆ సందు చూసి చెవి విడిపించుకుని పారిపోయాడు.

జూన్‌లో చందూర్‌లో పెళ్లికి పోయాడు హనోకు. పందిట్లోకి అడుగు పెట్టాడో లేదో, పప్పు రుబ్బుతున్న ఆడవాళ్లు గుర్తుపట్టి చుట్టూ చేరారు. సినిమా వాళ్ల ఊరికి కూడా చేరిందట, ఎవరో సీడీ తెచ్చారట. హీరో గురించి అడుగుతారేమోనని హనోకు ముత్తన్న లారీ సంగతి చెప్పబోయాడు.

"గాయన సరే," అంది వాళ్లలో పెద్దావిడ. "గా అవ్వను తోలుకరాకపోతివి? మా పిల్లకు పసుపు పెడుతుండె."

"ఈసారి తెస్త," అన్నాడు హనోకు, కెమెరా భుజానికెత్తుకుంటూ. లోపల మేళం మొదలైంది.